మేనేజ్డ్ స్విచ్‌ని తెలుగులో ఏమందాం?

మా అపార్ట్‌మెంట్ వాళ్ల కోసం ఇంటి ఇంటర్నెట్ గురించి ఒక కరపత్రం రాస్తున్నానండి. నెట్ వైర్లు గుచ్చి టీవీ, కంప్యూటర్లాంటివి కలిపే పెట్టె ఉంటుంది కదా, అందులో రెండు రకాలైన మేనేజ్డ్, అన్‌మేనేజ్డ్ స్విచ్‌ల దగ్గర ఆగిపోయాను. నిర్వహిత, అనిర్వహిత అని రాసి అమ్మకి వినిపిస్తే, "అనిర్వహిత అంటే ఎవరూ పట్టించుకోక పాడుబడిందా?" అంది. మంచి మాట ఉంటే చెప్పండి.

▸ అమ్మగారు సరిగ్గానే పట్టుకున్నారు. తిరకాసంతా మేనేజ్ దగ్గరే ఉంది. "ఈ నెల ఎలాగో మేనేజ్ చేశాం" అంటే నెట్టుకొచ్చామని. "ఆఫీసులో మేనేజ్ చేశాడు" అంటే మాటలతో సర్దేశాడనో, చెయ్యి తడిపాడనో. ఆ లెక్కన అన్‌మేనేజ్డ్ అంటే అదుపు తప్పిందనుకుంటారు. నిజానికి అంత పేచీ లేని పెట్టె ఇంకోటి ఉండదు. వైర్లు గుచ్చితే చాలు, ఒక్కో పరికరానికీ ఉండే గుర్తింపు నంబర్లు, అంటే మ్యాక్ అడ్రసులు చూసి ఏ పోర్టులో ఏముందో తనే తెలుసుకుంటుంది. మనం మార్చడానికి అందులో ఏమీ ఉండదు, అంతే తేడా. "సెట్టింగుల్లేని స్విచ్", "సెట్టింగులున్న స్విచ్" అనండి.

▸ సెట్టింగులు కూడా ఇంగ్లీషే కదా? అమరికలు అనొచ్చు. స్విచ్‌ని మీట అంటే?

▸ మీట అంటే నొక్కేది. దీనిలో నొక్కడానికి ఏముంది? స్విచ్ అనే ఉంచండి. అమరికలంటే ఫోన్‌లో ఎక్కడికెళ్లాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

▸ నేను కెమెరాలు, నెట్‌వర్క్ పనులు చేస్తానండి. మేం సాదా స్విచ్ అంటాం. రెండోదాన్ని మేనేజ్డ్ అనే అంటాం. "స్మార్ట్ స్విచ్" అని మాత్రం రాయకండి. తక్కువ సెట్టింగులున్న మధ్యరకానికి కంపెనీలు ఆ పేరు పెడతాయి గానీ, ఎలక్ట్రికల్ షాపులో అడిగితే ఫోన్‌తో లైటు వేసేది చేతిలో పెడతారు.

పేరుతోపాటు ఇది కూడా రాయండి. టీవీ, కంప్యూటర్, పై గదిలో ఇంకో వైఫై, ఇంతే అయితే సాదాది చాలు. కెమెరాలనో, చుట్టాలకిచ్చే వైఫైనో ఇంటి కంప్యూటర్ల నుంచి విడదీయాలంటే వీలాన్ (ఒకే స్విచ్‌ని వేరువేరు నెట్‌వర్క్‌లుగా విడగొట్టే సదుపాయం) కావాలి, అప్పుడే రెండోది. అదైనా రౌటర్‌కి కూడా వీలాన్ వస్తేనే ఉపయోగం. నెట్ కనెక్షన్‌తో వచ్చిన రౌటర్‌లో ఆ సదుపాయం ఉండకపోవచ్చు, ముందు అది చూసుకోమనండి. కెమెరా ఉంది కాబట్టి మేనేజ్డే కొనాలని కొందరు అంటగడతారు. అదే వైర్లో కరెంటు పంపే పీఓఈ రెండు రకాల్లోనూ దొరుకుతుంది.

సాదాదానితో ఒక్కటే జాగ్రత్త. ఒకే వైరు రెండు కొసలూ అందులోనే గుచ్చితే లూపై, వెళ్లిన డేటాయే మళ్లీ మళ్లీ తిరుగుతూ, లైట్లన్నీ టపటపా కొట్టుకుని ఇల్లంతా నెట్ ఆగిపోతుంది. మేనేజ్డ్‌లో లూపుల్ని పట్టుకునే స్పానింగ్ ట్రీ అనే సెట్టింగు ఆన్ చేసి ఉంటే ఆ దారి తనే మూసేస్తుంది.

▸ సంతోషం అండి. "సాదా స్విచ్", "సెట్టింగుల స్విచ్" ఖాయం చేశాను. డబ్బా మీద ఇంగ్లీషు పేరే ఉంటుంది కాబట్టి మొదటిసారి మాత్రం మేనేజ్డ్, అన్‌మేనేజ్డ్ కూడా పక్కన వేస్తాను. రెండోది కొన్నవాళ్లు దాంతో వచ్చిన పాస్‌వర్డ్ వెంటనే మార్చుకోవాలని కూడా చేరుస్తున్నాను.