డికాయ్ స్టేట్: ‘ఎర’నా, ‘దీమం’ అనొచ్చా?

అందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లల కోసం క్వాంటం క్రిప్టోగ్రఫీ (కాంతి కణాలతో రహస్య తాళపు బిట్లు పంపుకునే విద్య) మీద వ్యాసం రాస్తూ ‘డికాయ్ స్టేట్’ దగ్గర ఆగిపోయాను. ‘ఎర స్థితి’ అని రాశాను గానీ మనసొప్పలేదు.

సంగతి ఇదీ. బెన్నెట్, బ్రసార్డ్ 1984లో చెప్పిన పద్ధతిలో ఒక్కో బిట్‌కి ఒక్కటే ఫోటాన్ (కాంతి కణం) పంపాలి. కచ్చితంగా ఒక్కటే వదిలే పరికరం చేయడం కష్టం కాబట్టి మామూలు లేజర్ కాంతినే బాగా తగ్గించి వాడతారు. ఒక్కో లేజర్ మెరుపుకి సగటు 0.1 ఫోటాన్‌కి తగ్గించారనుకోండి. నూటికి తొంభై మెరుపులు ఖాళీగా పోతాయి, తొమ్మిదింటిలో ఒకటుంటుంది. వెయ్యికి ఓ ఐదింటిలో మాత్రం రెండో, ఇంకా ఎక్కువో ఉంటాయి. దారిలో పొంచి రహస్యం కాజేసే దొంగకి కావలసినవి అవే. ఒకటి దాచుకుని మిగతాది ముందుకు వదులుతాడు, ఒంటరి ఫోటాన్లని దారిలోనే ఆపేస్తాడు. అవతలివాళ్ళు ఫైబర్‌లో పోయాయిలే అనుకుంటారు.

2003లో హ్వాంగ్ చెప్పిన విరుగుడే డికాయ్. వేరే తీవ్రతతో కొన్ని మెరుపుల్ని ఏ వరసా లేకుండా కలిపి పంపి, ఏవి ఏవో తర్వాత చెబుతారు. ఏది ఏదో దొంగకి ముందు తెలియదు గనక, అతని చెయ్యి పడితే రెండు రకాలూ చేరిన లెక్కలకి పొంతన కుదరదు.

జవాబు: ఎర వద్దండీ, ఎర అంటే తినేది. వేటగాళ్ళ మాట ‘దీమం’ ఉందిగా! కౌజుపిట్టల్ని పట్టడానికి పెట్టే పెంపుడు కౌజుపిట్ట. నిఘంటువుల్లోనూ ఉంది.

జవాబు: మాట బాగుంది గానీ మాస్టారూ, దీమం అరిచి పిలుస్తుంది. ఇక్కడ దొంగని ఎవరూ పిలవట్లేదు, లెక్క సరిచూసుకుంటున్నారంతే. ‘పరీక్ష మెరుపు’ అంటే పోలా?

జవాబు: ‘పరీక్ష’ అంటే అసలు కిటుకు పోతుంది. దీమం అడవి పిట్టలాగే ఉండాలి, అదీ దాని బలం. ఇక్కడా అంతే. తీవ్రత మార్చడానికి లేజర్ కరెంటునే పెంచీ తగ్గించీ చేస్తే మెరుపు వచ్చే సమయం కాస్త జరుగుతుంది. దొంగ దాన్నిబట్టి ఏది దీమమో పోల్చుకోగలడు. అందుకే లేజర్‌ని ఒకేలా నడిపి, బయట మాడ్యులేటర్ (దాటిపోయే కాంతిని ఎక్కువ తక్కువ చేసే పరికరం) పెట్టి తీవ్రత మార్చడం మేలు. కరెంటు పద్ధతిని ‘కాలికి దారం కనబడ్డ దీమం’ అని రాయండి, పిల్లలకి ఠక్కున అర్థమవుతుంది.

అడిగినవారు: దారం మాట నేను తీసేసుకున్నానండీ. ‘స్టేట్’ని మాత్రం ‘స్థితి’ అనను, ‘దీమపు మెరుపు’ అని రాస్తున్నాను.