నూనె తగిలే ఊరగాయ డబ్బాలకు లేబుళ్లు: ఏ ప్రింటింగ్ మంచిది?

పొదలకూరు ఊరగాయ:
నమస్కారం అండి. మాది పొదలకూరు దగ్గర పల్లె. మా డ్వాక్రా గ్రూపులో నిమ్మకాయ, ఉసిరికాయ ఊరగాయలు పెట్టి అమ్ముతున్నాం. కొత్తగా రొయ్యల పచ్చడి కూడా మొదలుపెట్టాం. ఇన్నాళ్లూ తెలిసినవాళ్లకే ఇచ్చేవాళ్లం. ఇప్పుడు నెల్లూరు షాపులవాళ్లు అడుగుతున్నారు, కొరియర్ ఆర్డర్లూ వస్తున్నాయి. రకానికి ఐదు వందల లేబుళ్లు చాలు. ఒక ప్రెస్సులో డిజిటల్ చేయించుకోమన్నారు. ఇంకోచోట ఐదు వేలు తీసుకుంటే ఆఫ్‌సెట్‌లో బాగా తక్కువ పడుతుందన్నారు. మా మరిది థర్మల్ ప్రింటర్ కొనేస్తే ఎవరి చుట్టూ తిరగక్కర్లేదంటాడు. ఇంట్లో ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఎలాగూ ఉంది. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. నూనె తగిలినా లేబుల్ పాడవకూడదు, నా టెన్షన్ అంతా అదే.

కావలి ప్రెస్సు:
అక్కా, ఇంటి ప్రింటర్‌ను ముందే పక్కన పెట్టేయండి. వాటిలో రంగులు ఎక్కువగా డై ఇంకు, అంటే నీళ్లలో కరిగే రంగు, తడి చెయ్యి తగిలితే కారిపోతాయి.

ఆఫ్‌సెట్ సంగతి చెప్తాను. నాలుగు రంగులకు నాలుగు అచ్చు ప్లేట్లు చెయ్యాలి. మిషన్ మీద రంగు కుదిరేదాకా కొంత కాగితం పోతుంది. ఆ ఖర్చు ఐదు వందలు కొట్టినా అంతే, పది వేలు కొట్టినా అంతే. లెక్క కోసం రెండు వేలు అనుకోండి. ఐదు వందలకు పంచితే లేబుల్‌కు నాలుగు రూపాయలు, పది వేలకు పంచితే ఇరవై పైసలు. ఎక్కువ తీసుకోమని ప్రెస్సువాళ్లు అడిగేది అందుకే, అందులో మోసం లేదు. డిజిటల్‌కు ప్లేటు ఉండదు, కంప్యూటర్ ఫైలు నుంచి నేరుగా అచ్చవుతుంది. మొదటి షీటుకూ ఆఖరి షీటుకూ ఒకటే రేటు. మూడు రకాలు, తలా ఐదు వందలు అంటే నేనైతే డిజిటలే చెప్తాను. ఆఫ్‌సెట్ నా బతుకుదెరువు అయినా సరే.

చీమకుర్తి యార్డు:
మా గ్రానైట్ యార్డులో థర్మల్ లేబుళ్లే వాడతాం కాబట్టి ఆ ముక్క నేను చెప్తాను. థర్మల్‌లో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి డైరెక్ట్ థర్మల్. ఇంకు రిబ్బన్ ఉండదు, వేడికి కాగితమే నల్లబడుతుంది. కొరియర్ కవర్ల మీద ఉండేది అదే. నాలుగు రోజుల్లో చిరునామా చేరితే దాని పని అయిపోయింది. మా దగ్గర స్లాబులు ఎండలో నిలబడి ఉంటాయి, ఎండకూ వేడికీ ఆ అక్షరం ఆగదు. నూనె తగిలినా వెలిసిపోతుంది. ఊరగాయకు దాన్ని అసలు తలవొద్దు.

రెండోది థర్మల్ ట్రాన్స్‌ఫర్. దీంట్లో రిబ్బన్ మీది ఇంకు కరిగి లేబుల్‌కు అంటుతుంది. మైనం లాంటి వ్యాక్స్, గట్టిగా పట్టే రెజిన్, రెండూ కలిసిన వ్యాక్స్ రెజిన్ అని మూడు రకాల రిబ్బన్లు దొరుకుతాయి. వ్యాక్స్ కాగితానికి బాగుంటుంది గానీ గీకితే పోతుంది. ప్లాస్టిక్ లేబుల్ మీద రెజిన్ వేస్తే నీళ్లు, దుమ్ము, రాపిడి అన్నిటికీ నిలుస్తుంది. స్లాబ్ నంబరు, కొలతలు చెరిగిపోతే మాకు సరుకే గుర్తు దొరకదు, అందుకే మేం రెజిన్ దగ్గర పైసలు చూసుకోం.

పొదలకూరు ఊరగాయ:
అయితే ఆ రెండో రకం ప్రింటర్ కొని మొత్తం లేబుల్ మేమే కొట్టుకోవచ్చా అన్నా?

చీమకుర్తి యార్డు:
నంబర్లకు సరిపోతుంది. బొమ్మలు, రంగులు నాకు తెలియవు, ప్రెస్సువాళ్లు చెప్పాలి.

ఒంగోలు డీటీపీ:
కుదరదండి. ఆ ప్రింటర్లో ఒకసారికి ఒకే రిబ్బన్, అంటే ఒకే రంగు. నిమ్మకాయ ఊరగాయకు ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉండాలి. రొయ్యల పచ్చడికి బ్రౌన్ చతురస్రంలో బ్రౌన్ త్రిభుజం ఉండాలి. మాంసాహారానికి ఇదివరకు చుక్కే ఉండేది, 2020 లేబులింగ్ నిబంధనల్లో త్రిభుజం చేశారు. పాత డిజైన్ ఎక్కడినుంచైనా తెచ్చి పెట్టుకుంటే ఇది చూసుకోండి. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరూ మర్చిపోవద్దు. వివరాలన్నీ తెలుగులోనే వేస్తే చాలదు, ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి. తెలుగు దానికి తోడుగా వేసుకోవచ్చు.

తెలుగు అక్షరం గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. మామూలు థర్మల్ ప్రింటర్ 203 డీపీఐ, అంగుళానికి 203 చుక్కలు. అంటే మిల్లీమీటరుకు ఎనిమిది చుక్కలు. ఇంగ్లీషు అక్షరం ఒక వరుసలో కూర్చుంటుంది. మన ‘నిమ్మ’, ‘నువ్వుల’ అలా కాదు, అక్షరం కింద వొత్తు కూడా అదే ఎత్తులో సర్దుకోవాలి. పదార్థాల జాబితా చిన్న సైజులో పెడితే వొత్తులు మూసుకుపోయి నల్ల మచ్చల్లా కనిపిస్తాయి. 300 డీపీఐ అయితే మిల్లీమీటరుకు దాదాపు పన్నెండు చుక్కలు, కాస్త నయం. పైగా ఆ ప్రింటర్లలో సాధారణంగా తెలుగు ఫాంట్ ఉండదు. కంప్యూటర్ నుంచి బొమ్మగానే పంపాలి.

ఆఫ్‌సెట్‌లోనూ జాగ్రత్త కావాలి. ఊరగాయ అనగానే అందరూ ముదురు ఎరుపు మీద తెల్ల అక్షరాలు అడుగుతారు. నాలుగు రంగుల్లో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా ఆ తెల్ల వొత్తుల్లోకి రంగు దూరిపోతుంది. పేరు పెద్దది కాబట్టి ఎలా వేసినా పర్వాలేదు. చిన్న అక్షరాలు మాత్రం తెల్ల పట్టీ మీద ఒట్టి నలుపు ప్లేటుతోనే రావాలి. ఫైలు ఇచ్చేముందు అక్షరాలన్నీ కర్వ్స్ చేయించండి, అంటే ఫాంట్‌తో పని లేకుండా బొమ్మ గీతలుగా మార్పించండి, లేకపోతే ప్రెస్సు కంప్యూటర్లో వొత్తులు విడిపోయే ప్రమాదం ఉంది. బార్‌కోడ్ వేస్తే నల్ల గీతలే వేయించండి. చాలా స్కానర్లు ఎర్ర కాంతితో చదువుతాయి, ఎర్ర గీతలు వాటికి తెలుపులో కలిసిపోతాయి.

ఉదయగిరి చెక్క:
మేం చెక్క గరిటెలకు కట్టే గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం ట్యాగులు స్క్రీన్ ప్రింటింగ్‌లో, అంటే జల్లెడ లాంటి తెరలోంచి ఇంకు నొక్కే పద్ధతిలో, చేయించుకుంటాం. ఆఫ్‌సెట్ ఇంకు పలచన, కింది కాగితం రంగు పైకి కనిపించి మురికిగా తేలుతుంది. స్క్రీన్ ఇంకు మందం, తెలుపు కూడా తెల్లగానే వస్తుంది. కాకపోతే ఒక్కో రంగూ విడిగా లాగాలి. రెండు రంగులు దాటితే వద్దు. సన్న అక్షరాలు కూడా సరిగా రావు.

కృష్ణపట్నం రొయ్య:
నేను రొయ్యల ప్లాంటులో ప్యాకింగ్ చూస్తాను. ప్రింటింగ్ గురించి ఇంత మాట్లాడుకుంటున్నారు, గమ్ము గురించి ఎవరూ అనలేదు. మా దగ్గర లేబుళ్లు ఊడిపోతే ఇంకు వల్ల కాదు, గమ్ము వల్లే. సరుకు మైనస్ 18 దగ్గర ఉండాలి. మామూలు గమ్ము ఆ చలికి బిగుసుకుని పట్టు వదిలేస్తుంది, ఫ్రీజర్ గమ్ము అని విడిగా అడగాలి. చెమ్మ పట్టిన పెట్టె మీద అంటిస్తే అది కూడా నిలవదు. అక్కా, మీ పచ్చడికి ఆ చలి లేదు కానీ నూనె చేసేదీ అదే పని. డబ్బా నింపి, చేత్తో తుడిచి, ఆ తర్వాత లేబుల్ అంటిస్తే ఏ గమ్మూ పట్టదు. ఖాళీ డబ్బా పొడిగా ఉన్నప్పుడే అంటించండి.

కావలి ప్రెస్సు:
ఈ మాట నిజం. కాగితం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. క్రోమో స్టిక్కర్, అంటే మెరుపు కాగితం స్టిక్కర్, చవక. దానిమీద లామినేషన్ వేస్తే పైన నూనె పడినా తుడుచుకోవచ్చు, కానీ కోసిన అంచుల్లోంచి నూనె లోపలికి పీలుస్తుంది. కొన్నాళ్లకు అంచు చుట్టూ తడి మరక కనిపిస్తుంది. తెల్ల పీపీ ప్లాస్టిక్ స్టిక్కర్ అయితే పీల్చదు. మీకు పీపీ, డిజిటల్, పైన లామినేషన్. కాస్త ఎక్కువ పడినా ఇదే చేయించుకోండి.

మార్కాపురం కిరాణా:
షాపులో కూర్చునేవాడిగా చెప్తున్నా. నూనె మరక పట్టిన లేబుల్ ఉన్న డబ్బాను జనం చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేస్తారు, లోపల సరుకు ఎంత బాగున్నా. తయారీ తేదీ చెరిగిపోయి ఉంటే నేనే తీసుకోను. తేదీ, ధర మారుతుంటాయి కాబట్టి అవి విడిగా చిన్న స్టిక్కర్ కొట్టించి అంటిస్తే సరిపోదా?

ఒంగోలు డీటీపీ:
అలా చేయకూడదండి. ఎంఆర్‌పీ లాంటి తప్పనిసరి వివరాలను విడి స్టిక్కర్‌తో ఇవ్వడం, మార్చడం 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ (ప్యాకెట్ సరుకుల) నిబంధనలు ఒప్పుకోవు. ధర తగ్గించినప్పుడు మాత్రం తగ్గిన ధర స్టిక్కర్ వేయొచ్చు, అదీ పాత ధర కనిపించేలా. కాబట్టి లేబుల్‌లోనే ఒక తెల్ల గడి వదిలిపెట్టి, బ్యాచ్ నంబరు, తేదీ, ధర ఆ గడిలో తర్వాత కొట్టుకోవాలి.

పొదలకూరు ఊరగాయ:
ఆ గడిలో కొట్టడానికి థర్మల్ ప్రింటర్ పనికొస్తుందా? లేబుళ్లు షీట్లుగా వస్తాయంటున్నారు కదా.

కావలి ప్రెస్సు:
షీటు ఆ ప్రింటర్లోకి పోదక్కా, దానికి రోల్ కావాలి. చెన్నై మనకు దగ్గరే, అక్కడ రోల్ మీదే డిజిటల్ కొట్టేవాళ్లు ఉన్నారు. రోల్‌గా తెప్పించుకుంటే మీ మరిది చెప్పిన ప్రింటర్ పనికొస్తుంది. రిబ్బన్ మాత్రం రెజిన్ తీసుకోండి. నెలనెలా వేలల్లో డబ్బాలు పోయే రోజు వస్తే ఫ్లెక్సో, అంటే మెత్తటి ప్లేట్లతో రోల్ మీద అచ్చు కొట్టే పద్ధతి, చూద్దాం, అప్పుడు ప్లేట్ల ఖర్చు తెలియదు.

ఇప్పటికైతే షీట్లే తీసుకుని చేతితో పట్టుకుని తేదీ, బ్యాచ్ నంబరు కొట్టే చిన్న మిషన్, ఇంక్‌జెట్ కోడర్ వాడండి. నీళ్ల ఇంకు ప్లాస్టిక్ మీద ఆరదు, త్వరగా ఆరే సాల్వెంట్ ఇంకు క్యాట్రిడ్జ్ అడగండి. ఆర్డర్ ఇచ్చేముందు నాలుగు శాంపిల్ లేబుళ్లు అడిగి ఖాళీ డబ్బాకు అంటించి, గడిలో తేదీ కొట్టి, ఆరాక నూనె చేత్తో రుద్ది, రెండు రోజులు డాబా మీద ఎండలో పెట్టండి. తేదీ చెరిగినా, అంచు లేచినా ఆ డబ్బానే ప్రెస్సుకు తీసుకెళ్లి చూపించి మాట్లాడండి.