స్పానిష్‌లో ‘సె’ ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు వదిలేయాలి?

ప్రశ్న, మాడ్రిడ్ నుంచి:
అన్నలకు, అక్కలకు నమస్కారం. కొత్తగా వచ్చాను, ఏ2 (మొదటి మెట్ల) స్పానిష్ క్లాసులో ఉన్నాను. లబార్, లబార్సె రెండూ కడగడమేనట. ఇర్, ఇర్సె రెండూ వెళ్లడమేనట. ఏది ఎక్కడ వాడాలో ఒక పద్ధతి చెప్పగలరా?

జవాబు, బార్సిలోనా నుంచి:
తమ్ముడూ, దీనికి ఇంగ్లిష్ మీదుగా వెళ్లకు, తెలుగులోంచే రా. ‘కంచాలు కడిగాను’, ‘చేతులు కడుక్కున్నాను’ అనే మాటలను నువ్వు ఎప్పుడూ తారుమారు చేయవు. మొదటిది ‘లబే లోస్ ప్లాతోస్’, రెండోది ‘మె లబే లాస్ మానోస్’. మనం క్రియ చివర ‘కొను’ చేర్చి చెప్పేదాన్ని వాళ్లు ‘మె’ (‘నేను’ అన్నప్పుడు ‘సె’ ఇలా మారుతుంది) పెట్టి చెబుతున్నారు, అంతే. పడుకోవడం అకొస్తార్సె, కూర్చోవడం సెంతార్సె, దువ్వుకోవడం పెయ్‌నార్సె. అదే పాపను పడుకోబెడితే ‘అక్వెస్తో అ లా నీన్యా’. పని ఇంకొకరి మీదికి పోయింది కాబట్టి ‘మె’ పోయింది. ఇంకో సంగతి: ‘మిస్ మానోస్’ అనొద్దు. ఎవరి చేతులో ‘మె’ ముందే చెప్పేసింది. మనమూ ‘నా చేతులు కడుక్కున్నాను’ అనం కదా.

ఇది సగమే. మిగతా సగం మన ‘పోవు’కు దగ్గరగా ఉంటుంది. ఇర్ అంటే వెళ్లడం, ఇర్సె అంటే వెళ్లిపోవడం. ‘బోయ్ అల్ మెర్కాదో’ (మార్కెట్‌కు వెళ్తున్నాను)లో ఎక్కడికో చెప్పాలి. ‘మె బోయ్’ అంటే ఇక బయల్దేరుతున్నానని, ఎక్కడికో చెప్పనక్కర్లేదు. సెలవు తీసుకుంటూ వట్టి ‘బోయ్’ అంటే తిరకాసే. ఎవరైనా పిలిచినప్పుడు ‘వస్తున్నా’ అనడానికి ఇక్కడ వాడే మాట అది. అలాగే ‘దొర్మీ ఓచో ఓరాస్’ అంటే 8 గంటలు నిద్రపోయాను, ‘మె దొర్మీ ఎన్ ఎల్ మెత్రో’ అంటే మెట్రోలో నిద్ర పట్టేసింది. ‘కెదామోస్ అ లాస్ సియేతె’ అంటే ఏడింటికి కలుద్దాం, ‘మె కెదో ఎన్ కాసా’ అంటే ఇంట్లోనే ఉండిపోతాను. ఈ చివరి జంట బాగా బట్టీ పట్టు. తప్పితే అవతలివాళ్లు నీకోసం ఎదురుచూస్తూ ఉంటారు.

ఈ సూత్రం ప్రతిచోటా నిలవదు. నేర్చుకోవడం అప్రెందేర్, ఎంచుకోవడం ఎలెహీర్. మన దగ్గర ‘కొను’ ఉన్నా వీటికి ‘సె’ లేదు. లేవడం లెబంతార్సె, ఫిర్యాదు చేయడం కెహార్సె. ఇక్కడ మనకు ‘కొను’ లేకపోయినా వాళ్లకు ‘సె’ ఉంది. అందుకే క్రియ రాసుకునేటప్పుడే ‘సె’తో, వెనక వచ్చే మాటతో కలిపి రాసుకో: కసార్సె కోన్ (పెళ్లి చేసుకోవడం), అకొర్దార్సె దె (గుర్తు తెచ్చుకోవడం), ఫిహార్సె ఎన్ (గమనించడం). ‘ఆమెను పెళ్లి చేసుకున్నాడు’ అనే అలవాటుతో కసార్సె పక్కన ‘అ’ పెట్టేవాళ్లు చాలామంది, అక్కడ రావలసింది ‘కోన్’.

జవాబు, వాలెన్సియా నుంచి:
పై వివరణ బాగుంది. స్థానం గురించి నేను చెబుతాను. వరస మె (నేను), తె (నువ్వు), సె (అతను, ఆమె, మర్యాదగా మీరు), నోస్ (మనం), ఓస్ (మీరంతా), సె (వాళ్లు). కర్తను బట్టి మారిన క్రియకు ముందు, విడిగా రాయాలి: మె దూచో (స్నానం చేస్తాను). మారని మూల రూపం (దుచార్ లాంటిది) మరో క్రియ వెనక ఉంటే రెండు దారులు: ‘కియేరో దుచార్మె’, ‘మె కియేరో దుచార్’. రెండూ ఒప్పే. ‘కియేరో దుచార్సె’ మాత్రం తప్పు. నిఘంటువులో ‘సె’ అని ఉంది కదా అని అలాగే దించేయడం వల్ల ఇది వస్తుంది. ‘ఆంతెస్ దె అకొస్తార్మె’ (నేను పడుకునే ముందు)లోనూ మనిషిని బట్టి మార్చాల్సిందే.

ఆజ్ఞలో క్రియ చివర అతుకుతుంది: లెబాంతతె (లే). రాసేటప్పుడు ‘బా’ అచ్చు మీద ఊనిక గుర్తు మరవొద్దు. వద్దని చెబితే మళ్లీ ముందుకొస్తుంది: నో తె లెబాంతెస్. సెంతాద్‌కు ఓస్ కలిస్తే ‘ద్’ రాలి సెంతావోస్ (కూర్చోండి), బామోస్‌కు నోస్ కలిస్తే ‘స్’ రాలి బామోనోస్ (వెళ్లిపోదాం). జరిగిపోయిన పనిలో ‘మె ఏ కయీదో’ (పడిపోయాను) అనాలి, కయీదో చివర ‘మె’ ఎప్పుడూ అతకదు.

జవాబు, మెక్సికో సిటీ నుంచి:
మా వైపు ‘ఓస్’ వినబడదు. ‘మీరంతా’ అనడానికి ఉస్తేదెస్, సె తోనే నడుస్తుంది. ఇంకొకటి రెండు దేశాలకూ పనికొస్తుంది. గ్లాసు చేతిలోంచి జారితే ‘సె మె కయో ఎల్ బాసో’ అంటారు. క్రియ గ్లాసును అనుసరిస్తుంది, నన్ను కాదు. తాళంచెవులు పోతే బహువచనం: సె మె పెర్దియేరోన్ లాస్ యావెస్. కావాలని చేయలేదన్న భావం అందులోనే ఉంది.

జవాబు, బార్సిలోనా నుంచి:
తమ్ముడూ, నీకు ముందుగా పడే పని ఆఫీసుల్లో. చిరునామా నమోదుకు ఎంపద్రొనార్సె, సోషల్ సెక్యూరిటీలో చేరడానికి దార్సె దె ఆల్తా, జిమ్మో ఇంటర్నెట్టో మానేయడానికి దార్సె దె బాహా. కౌంటర్ దగ్గర మర్యాదగా ‘సె ఆ ఎంపద్రొనాదో యా?’ అని అడుగుతారు. ఆ ‘సె’ వేరెవరి గురించో కాదు, ‘మీరు’ అని నిన్నే. జవాబులో ‘సె’ను ‘మె’గా, ‘ఆ’ను ‘ఏ’గా మార్చు: ‘సీ, మె ఏ ఎంపద్రొనాదో’.