జాత్యహంకారం అంటే అమెరికా దక్షిణాదేనా? డిగ్రీ పిల్లలతో చర్చకు ఏం పెట్టాలి?

కొర్లగుంట_లెక్చరర్ (తిరుపతి):
బీఏ పిల్లలతో గంట చర్చ పెడుతున్నాను. "నల్లవాళ్లను హింసించింది అలబామా, మిసిసిపీ వాళ్లే, వాళ్లెప్పటికీ మారరు" దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. ఈ ముద్రను ఆధారాలతో ఎలా ప్రశ్నించాలి? అలాగని దక్షిణాదిని వెనకేసుకొచ్చినట్టూ ఉండకూడదు.

చరిత్ర_పాఠం:
మేడమ్, ముందు దక్షిణాది చేసింది ఏమాత్రం తగ్గించకుండా చెప్పండి. బస్సు, బడి అన్నిట్లో చట్టం రాసి మరీ వేరుచేశారు. ఆ తర్వాత ఉత్తరాదికి రండి. 1930లలో ప్రభుత్వ సంస్థే నగరాల మ్యాపులు గీయించి నల్లవాళ్ల పేటలకు "ఇక్కడ అప్పివ్వడం ప్రమాదం" అని ఎరుపు రంగు వేయించింది. ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అలాంటి పేటల్లో ఇంటి అప్పులకు హామీ ఇచ్చేది కాదు. చికాగో మ్యాపు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కలర్ ప్రింట్ తీయండి. నలుపు తెలుపులో తీస్తే ఏమీ అర్థం కాదు. 1966 ఆగస్టు 5న మార్టిన్ లూథర్ కింగ్ తలకు రాయి తగిలింది ఆ చికాగోలోనే. 1974లో నల్ల పిల్లల బడి బస్సుల మీద రాళ్లు పడింది బోస్టన్‌లో.

గ్రీమ్స్‌పేట (చిత్తూరు):
"మారరు" అనేదానికి ఓటర్ల లెక్క చూపించండక్కా. మిసిసిపీ నల్లవాళ్లలో ఓటు నమోదైనోళ్లు 1965 ఓటు హక్కు చట్టానికి ముందు నూటికి ఏడుగురు కూడా లేరు. 1967కి అరవై మంది దాకా అయినారు. రెండేళ్లలో మనసులు మారిపోలేదు. ఓటు నమోదుకు పెట్టే అక్షరాస్యత పరీక్ష ఎత్తేసినారు, స్థానిక గుమాస్తా రాయనంటే కేంద్రం పంపిన అధికారి పేరు రాసుకున్నాడు. దాని వెనక అలబామాలోని మాంట్‌గోమరీ లాంటి ఊళ్ల ఉద్యమాలుండాయి. బస్సుల్లో వేరుచేసి కూర్చోబెట్టేదాని మీద నల్లవాళ్లు అక్కడ చేసింది 381 రోజుల బస్సు బహిష్కరణ. తక్కువ రేటుకు ఎక్కించుకుంటున్న ట్యాక్సీలను కనీస చార్జీ 45 సెంట్లని నగరం కట్టడి చేస్తే, సుమారు 300 సొంత కార్లు తిప్పినారు. ఆ కార్లకు ఇన్సూరెన్స్ రద్దయితే లండన్ లాయిడ్స్ దగ్గర తెచ్చుకున్నారు. పిల్లోళ్లు కింగ్ ప్రసంగాల దగ్గరే ఆగిపోతారు. కార్లు, ఇన్సూరెన్స్, ఆ బస్సుల మీద గెలిచిన కోర్టు కేసు బోర్డు మీద రాయండి. 2013లో సుప్రీంకోర్టు ఆ ఓటు చట్టంలో ముఖ్యమైన భాగాన్ని కొట్టేసిందని కూడా చెప్పాల. వచ్చిన మార్పు వెనక్కి పోవచ్చు.

సీమ_గొంతు:
మన దగ్గర్నుంచే మొదలుపెడితే ఇంకా బాగుంటుంది. "సీమా? బాంబులా?" అని అడిగించుకోని పిల్లవాడు ఆ క్లాసులో ఉండడు. దళితుల్ని ఊచకోత కోసిన కారంచేడు (1985), చుండూరు (1991) కోస్తాలోవి. కానీ అక్కడ ఆపితే "మేం మంచోళ్లం" అనేసి కూర్చుంటారు. అందుకని చీటీలివ్వండి, మూడు ప్రశ్నలు చాలు: మీ ఊళ్లో శ్మశానాలు ఎన్ని, ఎవరెవరివి? గుడి లోపలికి ఎవరు రారు? తిరుపతిలో అద్దె ఇంటికి పోతే "మీరేమిట్లు?" అని అడిగారా? మూడోది ఆ ఎర్ర మ్యాపు పక్కన పెట్టి చదవండి.

కొర్లగుంట_లెక్చరర్:
చీటీలు క్లాసులోనే రాయించనా?

సీమ_గొంతు:
వద్దు మేడమ్, ముందురోజు తీసుకోండి. పేరు, ఊరు ఉండకూడదు. చేతిరాత గుర్తుపడతారు కాబట్టి మీరే టైపు చేసి తీసుకెళ్లండి. ఒక్కరి కులం బయటపడినా ఆ పిల్లవాడు ఇంక నోరు తెరవడు.