‘వాక్యము దేవుడై యుండెను’: గ్రీకులో ‘ఒక’ ఉందా?

చిత్తూరు నుంచి ఒక అన్న పొద్దున అడిగిన ప్రశ్న: “యోహాను 1:1లో మన తెలుగు బైబిల్లో ‘వాక్యము దేవుడై యుండెను’ అని ఉంది. గ్రీకు మూలంలో ‘ఒక దేవుడు’ అనే ఉందనీ, తెలుగులోకి తెచ్చినవాళ్లు మార్చేశారనీ ఒకాయన గట్టిగా వాదించాడు. గ్రీకు తెలిసినవాళ్లు చెప్పండి.”

అన్నా, గ్రీకులో ‘ఒక దేవుడు’ అని లేదు. ‘ఆ దేవుడు’ అనీ లేదు. వట్టి ‘దేవుడు’ అని ఉంది. గొడవంతా ఆ వట్టి మాట దగ్గరే. వాక్యమంటే ఇక్కడ క్రీస్తే, కాబట్టి ఆయన దేవుడా, ‘ఒక’ దేవుడా అన్న వాదం దీని మీద నడుస్తుంది.

వాక్యం ఇది: థెయోస్ ఏన్ హొ లోగోస్. థెయోస్ అంటే దేవుడు, ఏన్ అంటే ఉండెను, లోగోస్ అంటే వాక్యము. ‘హొ’ మన ‘ఆ’కు దగ్గరగా ఉండే చిన్న మాట, ఇంగ్లీషు ‘the’ లాంటి ఆర్టికల్. కాకపోతే మనం ‘ఆ’ వాడేదానికన్నా వాళ్లు దాన్ని చాలా ఎక్కువగా వాడతారు, మనుషుల పేర్లకు ముందు కూడా పెడతారు. ‘ఒక’ అనడానికి మాత్రం ఇంగ్లీషులో ఉన్నట్టు వేరే ఆర్టికల్ లేదు. కాబట్టి ‘హొ’ లేని నామం కనబడితే అక్కడ ‘ఒక’ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. సందర్భం చూసి తేల్చుకోవాల్సిందే.

ఇక్కడ రెండు నామాలూ ప్రథమా విభక్తిలోనే ఉన్నాయి. ‘రాముడు రాజు’ అంటే మనకు వరసను బట్టి కర్త ఎవరో తెలుస్తుంది. గ్రీకులో వరస అంత గట్టిది కాదు. ‘హొ’ ఎవరికి తగిలితే ఆయన కర్త. ‘హొ’ లోగోస్‌కు తగిలింది, అందుకే ‘వాక్యము దేవుడై యుండెను’ అయింది గానీ ‘దేవుడు వాక్యమై యుండెను’ కాలేదు. మనవాళ్లు ఇక్కడ సరిగ్గా పట్టుకున్నారు.

థెయోస్‌కు కూడా ‘హొ’ పెట్టి ఉంటే? అప్పుడు వాక్యమూ దేవుడూ అటూ ఇటూ మార్చుకోదగిన ఒకే వ్యక్తి అయిపోతారు. అంతకు ముందు ముక్కలోనే ‘వాక్యము దేవునియొద్ద ఉండెను’ అన్నాడు, అక్కడ దేవునికి ఆర్టికల్ ఉంది. ఒకరి దగ్గర ఉన్నవాడు ఆ ఒకరే ఎలా అవుతాడు? అంటే ఆ ‘హొ’ లేకపోవడం వాక్యంలో పెద్ద పనే చేస్తోంది.

ఇంగ్లీషులో ‘ఒక దేవుడు’ అన్న తర్జుమాల్లో బాగా తెలిసినది యెహోవాసాక్షుల న్యూ వరల్డ్ అనువాదం. దాని కొత్త నిబంధన 1950లో వచ్చింది. దానికి జవాబుగా చాలామంది కోల్వెల్ సూత్రాన్ని పట్టుకొస్తారు. కోల్వెల్ అనే పండితుడు 1933లో చెప్పింది ఇదీ: నిశ్చయార్థం ఉన్న (అంటే ‘ఫలానా’ అని గుర్తించి చెప్పే) విధేయ నామం (కర్త ఏమిటో చెప్పే నామం) క్రియకు ముందు వస్తే, సాధారణంగా దాని ఆర్టికల్ పోతుంది. ఇది సరే. కానీ దీన్ని తిరగేసి, ఆర్టికల్ లేకుండా క్రియకు ముందు వచ్చిన ప్రతి నామమూ నిశ్చయార్థమేనని వాదిస్తారు చూడండి, అది తప్పు. మన పక్షానికి పనికొస్తుంది కదా అని తప్పు తర్కాన్ని చర్చిలో నేర్పకూడదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. హార్నర్ అనే పండితుడు 1973లో ఇంకా మెరుగైన మాట చెప్పాడు: ఇలాంటి చోట్ల నామం ‘ఎవరు’ అని కాదు, ‘ఎలాంటివాడు’ అని చెబుతుంది, స్వభావాన్ని చెబుతుంది.

దీనికి రుజువు మన తెలుగు బైబిల్లోనే ఉంది, ఎవరూ పెద్దగా చూడరు. 1:14 తీయండి. గ్రీకులో ‘హొ లోగోస్ సార్క్స్ ఎగెనెతొ’. సార్క్స్ అంటే శరీరం. అక్కడా ఆర్టికల్ లేదు, అక్కడా క్రియకు ముందే వచ్చింది. ‘ఒక శరీరము అయ్యెను’ అని ఏ పక్షమూ అనదు. మనవాళ్లు ‘శరీరధారియై’ అన్నారు. 1 యోహాను 4:8లో ‘దేవుడు ప్రేమ’ అన్న చోటా అదే పొందిక, దాన్ని ‘ప్రేమాస్వరూపి’ అన్నారు. ధారి, స్వరూపి అని చేర్చారంటే, ఈ నామం స్వభావాన్ని చెబుతోందని వాళ్లకు తెలుసన్నమాట.

మీతో వాదించినాయనకు 1:6 కూడా చూపించండి. ‘దేవునియొద్దనుండి పంపబడిన యొక మనుష్యుడు’. గ్రీకులో ఇక్కడ మనుష్యుడికీ ఆర్టికల్ లేదు, దేవునికీ లేదు. మనుష్యుడికి ‘ఒక’ వచ్చింది. ‘ఒక దేవుని యొద్దనుండి’ అని మాత్రం ఎవరూ రాయలేదు, న్యూ వరల్డ్ అనువాదం కూడా రాయలేదు. ఆర్టికల్ లేదు కాబట్టి ‘ఒక’ పెట్టి తీరాలన్న వాదన ఇక్కడే ఆగిపోతుంది. అయితే ఎదుటివాళ్లది బొత్తిగా కొత్త ఊహ అనుకోకండి. మూడో శతాబ్దంలో ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడు ఈ వచనం మీదే రాస్తూ, ఆర్టికల్ ఉన్న థెయోస్ తండ్రి అనీ, లేని థెయోస్ వాక్యమనీ తేడా చూపించాడు. ఆయన గ్రీకులోనే పుట్టి పెరిగినవాడు. మెలితే ద్వీపవాసులు పౌలును దేవత అనుకున్న చోట, అపొస్తలుల కార్యములు 28:6లో, ఆర్టికల్ లేని ఇదే మాటకు ‘ఒక’ చక్కగా సరిపోతుంది కూడా.

నా మట్టుకు నాకు, 1:1లో ‘దేవుడు ఏ స్వభావమో వాక్యమూ ఆ స్వభావమే’ అన్న అర్థమే పొందికగా ఉంది.

ఇంకొక్క మాట. ‘ఉండెను’ అన్న పాత రూపం ఎంత పనికొచ్చిందో చూడండి. రాముడు వచ్చెను, సీత వచ్చెను, ఆవు వచ్చెను, అన్నిటికీ ఒకటే రూపం. అందుకే మొదటి వచనంలో వాక్యం ‘ఆయనా, అదా’ అన్నది తేల్చకుండానే గడిచిపోయింది. రెండో వచనంలో ‘ఆయన’ అన్నాకే బయటపడుతుంది. ఈ రోజు వాడుక భాషలో రాసేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ‘ఉన్నాడు’ అనాలా, ‘ఉంది’ అనాలా అన్నది మొదటి వాక్యంలోనే తేల్చుకోవాలి.

*

తిరుపతిలో సంస్కృతం చెప్పే మేడమ్ గారు కింద రాశారు: “ఇది మాకు కొత్త కాదండీ. ‘నారాయణ’లో నకారం ణకారమైంది కాబట్టి, పాణిని ప్రకారం అది సంజ్ఞ, ఒకరికే చెందే పేరు, శివపరంగా అర్థం చెప్పడం కుదరదు అని వైష్ణవ పండితులు వాదించారు. ఒక్క అక్షరం మీద దైవం ఎవరన్నది నిలబెట్టారు. ‘తత్త్వమసి’ (అది నీవే) అన్న ఉపనిషద్వాక్యంలో రామానుజులు సామానాధికరణ్యం మీద, అంటే రెండు మాటలు ఒక్కరినే చెప్పడం మీద, ఎంత రాశారో మీకు తెలుసు. గ్రీకులో సామానాధికరణ్యం మీద ఇలాంటి వాదం ఉందా?”

ఉంది మేడమ్. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. గ్రాన్విల్ షార్ప్ అని ఇంగ్లండులో బానిసత్వం మీద పోరాడిన మనిషి. బట్టల వర్తకుడి దగ్గర పని నేర్చుకునే రోజుల్లో, క్రీస్తు దైవత్వాన్ని ఒప్పుకోని ఒకాయనతో వాదించడానికి సొంతంగా గ్రీకు నేర్చుకున్నాడు. 1798లో ఒక సూత్రం ప్రచురించాడు. ఒకే విభక్తిలో, ఏకవచనంలో, మనుషులను చెప్పే రెండు నామాలు ‘కయ్’తో, అంటే ‘మరియు’తో కలిసి, మొదటిదానికి మాత్రమే ఆర్టికల్ ఉంటే, ఆ రెండూ ఒక్కరినే చెబుతాయి. సంజ్ఞలకు, అంటే మనుషుల పేర్లకు, ఇది వర్తించదు. మీ నారాయణ శబ్దం లాగే ఇక్కడా సంజ్ఞ అవునా కాదా అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంది.

ఇప్పుడు మన బైబిల్లో మూడు చోట్లు పక్కపక్కన పెట్టి చూడండి. తీతు 2:13: ‘మహా దేవుడును మన రక్షకుడునైన యేసుక్రీస్తు’. 2 పేతురు 1:11: ‘మన ప్రభువును రక్షకుడునైన యేసుక్రీస్తు’. రెండింటిలోనూ ఆ ‘నైన’ చూశారా, అదే మన సామానాధికరణ్యం. ఇద్దరనుకునే వీలే లేదు. ఇక 2 పేతురు 1:1: ‘మన దేవునియొక్కయు రక్షకుడైన యేసుక్రీస్తుయొక్కయు’. ఇక్కడ ఇద్దరయ్యారు! గ్రీకులో చూస్తే 1:1కీ 1:11కీ పొందికలో తేడా లేదు. ఒకచోట ‘మన దేవుడు’, ఒకచోట ‘మన ప్రభువు’, అంతే. ఒకే పత్రికలో, ఒకే అధ్యాయంలో, ఒకే పొందికను ఒకసారి విడదీసి ఒకసారి కలిపారు. కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లీషు తర్జుమాలోనూ 1:1లో ఇలా ఇద్దరిగానే కనబడుతుంది. నన్నడిగితే 1:1 ‘మన దేవుడును రక్షకుడునైన యేసుక్రీస్తు’ అని ఉండాలి.

దీన్ని ఒప్పుకోనివాళ్లలో జర్మన్ వ్యాకరణవేత్త వినర్ మాట నాకు గౌరవంగా అనిపిస్తుంది. తీతు వచనంలో దేవుడినీ రక్షకుడినీ వేరుచేసి చదవడానికి, పౌలు బోధ మొత్తం మీద తనకున్న అభిప్రాయమే కారణమని ఆయన దాచకుండా చెప్పాడు. వ్యాకరణం ఎక్కడ ఆగిందో, తన నమ్మకం ఎక్కడ మొదలైందో చూపించాడు. అలా చూపించేవాళ్లు రెండు పక్షాల్లోనూ తక్కువ.

*

చిత్తూరు అన్న మళ్లీ అడిగారు: “మరి ‘నేనును తండ్రియును ఏకమైయున్నాము’ అన్నది?”

అన్నా, ఇక్కడ తెలుగువాళ్లకు గ్రీకు నేర్పాల్సిన పని లేదు. గ్రీకులో ‘హైస్’ అంటే ఒకడు, ‘హెన్’ అంటే ఒకటి. యోహాను 10:30లో ఉన్నది ‘హెన్’. క్రియ ‘ఎస్మెన్’, అంటే ఉన్నాము. యేసు ‘నేనూ తండ్రీ ఒకటే’ అన్నాడు, ‘ఒకడే’ అనలేదు. మూడో శతాబ్దం మొదట్లో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత, తండ్రే కుమారుడు అనేవాళ్లకు ఈ నపుంసకలింగాన్నే ఎత్తి చూపాడు. కానీ 17:22లో శిష్యులు ఏకమై ఉండాలన్న చోటా ఇదే ‘హెన్’ ఉంది. కాబట్టి ఈ ఒక్క మాట మీదే దైవత్వాన్ని నిలబెట్టలేం.

కొలొస్సయులు 1:15 ఇంకా చిక్కు. ‘సర్వసృష్టికి ఆదిసంభూతుడు’. గ్రీకులో ఉన్నది షష్ఠి. మన బడి వ్యాకరణం గుర్తు చేసుకోండి: కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠీ విభక్తి. ‘సృష్టిలో’ అంటే క్రీస్తూ సృష్టిలో ఒకడు, అది ఆయన సృజింపబడినవాడన్న అరియస్ పక్షం. ‘సృష్టికి’ అంటే సృష్టికి పైవాడు, అది ఆయన సృజింపబడలేదన్న నికయ సభ పక్షం. గ్రీకు షష్ఠి రెండింటినీ ఒప్పుకుంటుంది. మనవాళ్లు ‘కి’ ఎంచుకున్నారు. తర్వాతి వచనంలో సర్వమూ ఆయనయందు సృజింపబడెనని ఉంది, ఇంటికి చిన్నవాడైన దావీదును కీర్తన 89 జ్యేష్ఠుడంటుంది. అందుకే ‘కి’ నాకు సరిగ్గానే కనిపిస్తుంది. కానీ ఆ బలం పక్క వచనాల నుంచి వచ్చింది, విభక్తి నుంచి కాదు.

మేడమ్ గారికి ఇంకొకటి. మధ్వాచార్యులు ‘స ఆత్మా తత్త్వమసి’ని ‘అతత్ త్వమసి’ (అది నీవు కాదు) అని విడదీశారు కదా, రోమా 9:5 అలాంటిదే. పాత గ్రీకు ప్రతుల్లో పదాల మధ్య ఎడం లేదు, విరామ చిహ్నాలు దాదాపు లేవు. ‘క్రీస్తు వీరిలో పుట్టెను’ దగ్గర చుక్క పెట్టి, ‘సర్వాధికారియైన దేవుడు స్తోత్రార్హుడు’ అని విడి స్తుతిగా చదవొచ్చని, పదహారో శతాబ్దంలో గ్రీకు కొత్త నిబంధన అచ్చువేయించిన ఎరాస్మస్ కాలం నుంచీ అంటున్నారు. తెలుగులో చుక్క పెట్టారు గానీ, వెంటనే ‘ఈయన’ అని మొదలుపెట్టి స్తుతిని మళ్లీ క్రీస్తుకే కలిపారు. విడి స్తుతులు బైబిల్లో మామూలుగా ‘స్తోత్రార్హుడు’ అన్న మాటతోనే మొదలవుతాయి, ఇక్కడ అది వెనక వచ్చింది. కాబట్టి ‘ఈయన’ అనడం వైపే నా మొగ్గు. తీతు, పేతురు వచనాల దగ్గర ఉన్నంత ధీమా మాత్రం ఇక్కడ లేదు.