‘లేదా’ అన్న మాట బూలియన్ బీజగణితానికి సరిపోతుందా?

రామచంద్రపురం, ఫిజిక్సు లెక్చరర్:
ఇంటర్ రెండో సంవత్సరం వారికి లాజిక్ గేట్లు, అంటే 1, 0లను తీసుకుని ఫలితమిచ్చే వలయాలు, చెబుతూ బోర్డు మీద 1 + 1 = 1 అని రాశాను. ‘ఒకటీ ఒకటీ రెండు కాదాండీ?’ అని వెనక బెంచీ కుర్రవాడు అడిగితే, ఈ బూలియన్ బీజగణితంలో 1 అంటే సత్యం, 0 అంటే అసత్యం, కూడిక గుర్తుకు ‘లేదా’ అని అర్థం అన్నాను. దాంతో చిక్కు రెట్టింపైంది. ఆత్రేయపురం పూతరేకుల్లో ‘బెల్లం లేదా పంచదార’ వేస్తారంటే, ఒక రేకులో రెంటిలో ఒకటే ఉంటుందని కదా మనకు తోచేది? ఆ లెక్కన రెండూ సత్యమైతే ఫలితం అసత్యం కావాలి. కనుక ఈ మాటను పాఠంలోంచి తీసేయాలని నా వాదన.

అమలాపురం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:
మాట సరైనదే మాస్టారూ, ఉదాహరణే కుదరలేదు. ‘ఆధార్ లేదా రేషన్ కార్డు తీసుకురండి’ అన్నచోటికి రెండూ పట్టుకెళ్లినవాణ్ణి ఎవరూ వెనక్కి పంపరు. మా చేనికి ఒక పక్క పంట బోదె తూము, మరో పక్క బోరు మోటారు ఉన్నాయి. ఏ ఒక్కటి పారినా మడి తడుస్తుంది, రెండూ పారితే తడవడం మానదు. మీరు కోరే ‘ఒకటే’ అన్న అర్థానికి ఎక్స్-ఆర్ అనే వేరే గేటుంది. మేడమెట్ల దీపానికి కిందొకటి, పైనొకటి ఉండే స్విచ్‌లు అలాంటివే: ఒకటి మారిస్తే దీపం మారుతుంది, రెండూ మారిస్తే మొదటికొస్తుంది.

భీమవరం, ఇంజినీరింగ్ అధ్యాపకురాలు:
మాస్టారి పక్షాన ఈ బీజగణితానికి మూలపురుషుడైన జార్జ్ బూల్ కూడా కొంత ఉన్నాడండీ. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైన 1847లోనే ఆయన తొలి తర్కగ్రంథం వెలువడింది, అది కాకతాళీయమే అనుకోండి. 1854 నాటి గ్రంథంలో ఆయన ఉమ్మడి సభ్యులు లేని సమూహాలనే కూడిక గుర్తుతో కలిపాడు. రెండూ కలిసినా చెల్లుతుందన్న అర్థాన్ని 1864లో ఇంగ్లీషు తర్కవేత్త జెవన్స్ తెచ్చాడు. ఇక ఈ గణితాన్ని రిలేలకు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లకు), మామూలు స్విచ్‌లకు అన్వయిస్తూ 1937లో అమెరికన్ ఇంజినీరు క్లాడ్ షానన్ రాసిన సిద్ధాంత వ్యాసంలో, తెరిచి ఉన్న వలయం 1, మూసి ఉన్నది 0. అందువల్ల ఆయన కూడిక, వరుసగా ఒకదాని వెనక ఒకటి కలిపిన స్విచ్‌లకు వర్తిస్తుంది. రెండూ తెరిచి ఉంటే కరెంటు పారదు గనుక అక్కడా 1 + 1 = 1 అనే వస్తుంది.

రామచంద్రపురం, ఫిజిక్సు లెక్చరర్:
పూతరేకులను వెనక్కి తీసుకుంటున్నాను. బోదె, మోటారు బొమ్మ వేసి, నాలుగు వరుసల పట్టికను పిల్లల చేతే పూరింపజేస్తాను. అయినా ‘లేదా’ పక్కన ‘కనీసం ఒకటి’ అని రాయక తప్పదనే ఇప్పటికీ అంటాను. షానన్ పద్ధతి మాత్రం తరగతిలో ఎత్తను: తూము తెరిస్తే నీరు పారుతుంది, స్విచ్ తెరిస్తే కరెంటు ఆగుతుంది, ఈ తిరకాసు విన్నాక ఆ వెనక బెంచీ కుర్రవాడు గంట కొట్టేదాకా నన్ను వదలడు.