బక్క అడవిపంది: నట్టలా, ఆకలా?

వేరుశనగ రైతు, సీతారామపురం:
వెలిగొండ కింద మా చేను. మొన్న తెల్లారుజామున టార్చి వేస్తే గట్టు మీద తల్లిపంది, ఐదు చారల పిల్లలు. తల్లి నిగనిగలాడుతోంది, నా పంట మేసింది కదా మరి! పిల్లల్లో రెండింటికి వెన్నుపూస బయటికి కనపడుతోంది. ఒకటి పరిగెత్తబోయి ఆగి, ముసలాయన దగ్గినట్టు దగ్గింది. ఇది ఒంట్లో పెరిగే పురుగుల, అదే నట్టల పనేనని నేనంటా. మా బాబాయేమో పాలు చాలక అంటాడు. తవుడులో నట్టల మందు కలిపి అడవి అంచున పెడితే ఎట్లా ఉంటుంది?

గొర్రెల మంద, ఉదయగిరి:
అన్నా, బక్కగా ఉన్న ప్రతిదానికీ నట్టలంటే ఎట్లా? మేత బాగున్న ఏడు మా గొర్రెల పేడలో నట్టలు కనపడ్డా ఒంటికి తెలియదు. మేత లేని ఏడు మందు పోసినా డొక్కలు లోపలికే పోతాయి. బాబాయి మాటే నాకు నిజమనిపిస్తోంది.

రిటైర్డ్ పశువుల డాక్టరు:
దగ్గిందన్నావు కాబట్టి నట్టల్ని అంత తేలిగ్గా కొట్టేయలేం. పందుల ఊపిరితిత్తుల్లో దారంలాంటి తెల్ల పురుగులు ఉంటాయి, మెటాస్ట్రాంజిలస్ అంటారు. పంది దగ్గితే వాటి గుడ్లు గొంతులోకి వస్తాయి, అది మింగితే పేడలో పడతాయి. ఆ గుడ్లు వానపాములోకి వెళ్లి పిల్ల పురుగులవుతాయి. ఆ వానపామును పంది తింటే మళ్లీ ఊపిరితిత్తులకే చేరతాయి. మనకు కార్తీకం వానలకు నేల మెత్తబడుతుంది, వానపాములు పైకొస్తాయి, పందులు మూతితో పెళ్లగిస్తాయి. పెద్దవి చాలావరకు తట్టుకుంటాయి, పిల్లలే ఇబ్బంది పడతాయి. వీటికి తోడు పేగుల్లో ఏలికపాములు. వాటి గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి.

జువాలజీ స్టూడెంట్, నెల్లూరు:
డాక్టర్ గారూ, ఉన్నాయన్నంత వరకు సరే. బక్కచిక్కడానికి అవే కారణమని ఎట్లా తేలుస్తాం? ఆకలితో నీరసించిన పిల్లకు రోగనిరోధక శక్తి తగ్గి నట్టలు పెరగొచ్చు కదా. అంటే నట్టల వల్ల బక్కా, బక్కవడం వల్ల నట్టలా? పైగా ఒక మందలో పురుగులన్నీ సమానంగా పంచుకుని ఉండవు. కొన్ని జంతువుల్లోనే ఎక్కువ భాగం పోగవుతాయి. ఒంటి కండ చూసి చెప్పడం కూడా మోసమే. పరిశోధకులు చచ్చిన జంతువు మూత్రపిండాల చుట్టూ ఉన్న కొవ్వును తూచి, మూత్రపిండం బరువుతో పోలుస్తారు. టార్చి వెలుగులో అది కనపడదు!

గొర్రెల మంద, ఉదయగిరి:
నేనన్నదీ అదే కదమ్మా, నువ్వు చదువుకున్న మాటల్లో చెప్పావు.

రిటైర్డ్ పశువుల డాక్టరు:
పూర్తిగా అదే కాదులే తమ్ముడూ. ఒకసారి నట్టలు పట్టాక తిన్నది ఒంటికి పట్టదు, ఒంటికి పట్టక ఇంకా నీరసిస్తుంది. ఎక్కడ మొదలైందో ఈ పిల్లల్లో చెప్పలేం, అది ఒప్పుకుంటా. కానీ తవుడు సంగతి మాత్రం వద్దే వద్దు. మందు డోసు బరువును బట్టి. బలిసిన తల్లే ముందు తినేస్తుంది, బక్కదానికి నాలుగు మెతుకులు మిగులుతాయి. చాలీచాలని డోసు పడితే మందుకు లొంగని పురుగులు తయారవుతాయి. నట్టల మందుల్లో ఐవర్‌మెక్టిన్ అయితే పేడలో దిగి పేడపురుగుల్ని కూడా చంపుతుంది. వానపాములు అక్కడే ఉంటాయి, నెల తిరిగేసరికి మళ్లీ మొదటికి వస్తుంది. పట్టుకుని మందు పోద్దామంటావా, వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జంతువు, ఫారెస్టు వాళ్ల అనుమతి లేకుండా తాకకూడదు. చచ్చి పడున్నా ముట్టుకోకుండా వాళ్లకే చెప్పండి. 2020లో అస్సాంలో బయటపడ్డ, పందుల్ని చంపే అంటురోగం ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ లాంటిది అయితే మన పెంపుడు పందుల కొంప మునుగుతుంది.

వేరుశనగ రైతు, సీతారామపురం:
తవుడు గేదెకే పెట్టాలెండి. రాత్రి మళ్లీ వచ్చాయి. ఈసారి పిల్లలు నాలుగే. దగ్గేది ఉంది, దగ్గని బక్కది కనపడలేదు. బాబాయి 'చూశావా' అని పొద్దున్నే ఫోన్ చేశాడు.